అట్టడుగు గీత

బడి భోజనాల హాల్లో మతేయా తల బల్ల అంచుకి తగిలిన చప్పుడు వంటగదిలో వాళ్ళకి కూడా వినిపించింది. పళ్ళెంలోని చిక్కుడుగింజలు నేలంతా చిందాయి. జుట్టు పట్టి బల్లకేసి కొట్టినవాడు టానర్. ఇద్దరిదీ ఎనిమిదో తరగతే.

"మీ వల్లేనే! మీ గుంపు వల్లే మా టూరు పోయింది. ఇంగ్లీషు ముక్క రాని దద్దమ్మలంతా వచ్చి మా బళ్ళోనే పడాలా?"

ఆ ఉదయమే ప్రిన్సిపాల్ హాల్వర్సన్ పిల్లలందరినీ ఆటల హాల్లో కూర్చోబెట్టి, గోడంత తెర మీద రాష్ట్ర పరీక్షల ఫలితాలు చూపించాడు. తెల్లవాళ్ళ పిల్లలది నీలం గీత. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలది ఎర్ర గీత. నీలం గీత తెర సగం దాటి పైకి పోయింది. ఎర్రది అట్టడుగునే చతికిలబడింది. బడికి చివరి శ్రేణి వచ్చింది. "కొందరు మనందర్నీ కిందికి లాగుతున్నారు," అన్నాడాయన. ఈ ఏడు టూరు లేదనీ, ఆ రోజుల్లో కూడా లెక్కలే చెప్తారనీ ప్రకటించాడు. లాగుతున్నదెవరో పేరు పెట్టి చెప్పలేదు. ఆ అవసరం లేకుండానే తలలన్నీ ఇంగ్లీషు రాని పిల్లలు కూర్చున్న వెనక వరసల వైపు తిరిగాయి.

మతేయా గ్వాటెమాలా కొండల్లో రెండో తరగతితో చదువు ఆపిన పిల్ల. అమెరికాలో ఈ ఊరొచ్చి రెండేళ్ళు. మొన్న మంచు కురిసిన రోజున ఒక ఇంగ్లీషు కథల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తనంతట తానే చదివింది. చదివి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ సంగతి చెప్పే గీత ఆ తెర మీద లేదు.

నుదుటి మీంచి నెత్తురు కంట్లోకి కారుతుంటే, చేతిలో మిగిలిన ఖాళీ పళ్ళెంతోనే వెనక్కి తిరిగి కొట్టింది. టానర్ ముక్కు చిట్లింది. రెండోసారి ఎత్తేలోపు బడి పోలీసు బ్రిగ్స్ పరుగున వచ్చాడు. టానర్‌ని ముట్టుకోలేదు. మతేయా చెయ్యి వెనక్కి విరిచి, నేలకేసి కొట్టి, వీపు మీద మోకాలు పెట్టాడు. పిడికిట్లో ఎండుపుల్ల విరిచినట్టు ఒక చప్పుడు. పిల్ల అరిచిన అరుపు హాలంతా మోగింది.

తల్లి యూలాలియా అప్పుడు పశువుల కబేళాలో, గొలుసుకు వేలాడుతూ ఒకదాని వెనక ఒకటి వచ్చే కండల నుంచి కొవ్వు కోస్తోంది. మేస్త్రీ వచ్చి భుజం తట్టి, "మీ పిల్లది, బళ్ళో గొడవంట," అన్నాడు. మీద వేసుకున్న నెత్తురు మరకల కోటు కూడా విప్పకుండా బయల్దేరింది.

బడి గుమ్మంలో బ్రిగ్స్ ఆపాడు. "ఆ రక్తం ఏంటి?"

ఆమెకొచ్చిన ఇంగ్లీషంతా కబేళాలో నేర్చుకున్నదే. "ఆవుది. నువ్వు తినేదే," అని లోపలికి నడిచింది.

ఆఫీసు గదిలో మతేయా మోచెయ్యి గుమ్మడికాయలా వాచిపోయి ఉంది. అంబులెన్సు ఎవరూ పిలవలేదు. ఎదుటి కుర్చీలో టానర్, ముక్కులో దూది, చేతిలో మంచుసంచి. ప్రిన్సిపాల్ మాటల్ని వాళ్ళ భాషలో చెప్పడానికి డెల్ఫినా నిలబడి ఉంది. ఆమెదీ ఆ కొండలే, బళ్ళో ఆయాగా చేస్తోంది.

హాల్వర్సన్ చాలాసేపు మాట్లాడాడు. డెల్ఫినా దాన్ని ఒక్క ముక్కలో చెప్పింది.

"అక్కా, పాపని కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమంటున్నారు."

"అంతసేపు మాట్లాడితే ఇంతేనా? మిగతాది మింగేశావేంటే?"

డెల్ఫినా తల దించుకుంది. "పరీక్షలయ్యేదాకా బళ్ళో కనబడకూడదంట. తప్పు చేసిన పిల్లల్ని పంపే బడి ఒకటుందిలే, అక్కడికి పొమ్మంటున్నారు. కాదంటే ఆయుధంతో కొట్టిందని కేసు పెడతారంట."

"ఆయుధమా? అన్నం పళ్ళెమా?" యూలాలియా కూతురి చేతిని చూసి, ప్రిన్సిపాల్‌ని చూసింది. "దెబ్బలాటకీ పరీక్షలకీ ఏంటి సంబంధమో అడుగు."

డెల్ఫినా అడిగింది. హాల్వర్సన్ బల్ల మీద కలం సర్దుకున్నాడు.

"తను రాయకపోతే మార్కులు పెరుగుతాయి," అన్నాడు టానర్, దూది అడ్డుపడిన గొంతుతో.

"నువ్వు నోరుమూసుకో!" అన్నాడు హాల్వర్సన్.

"మీరే కదా సార్ పొద్దున చూపించారు. జుట్టు పట్టుకుంది ముందు నేనే. నాకూ లెక్కలు రావు. మరి నన్నూ పంపేస్తారా?"

జాలితో అన్నాడో, తన వంతు కూడా వస్తుందన్న భయంతో అన్నాడో వాడికే తెలీదు. హాల్వర్సన్ మొహం కందగడ్డలా అయింది.

యూలాలియా లేచింది. "డెల్ఫినా, ఈసారి ఒక్క ముక్క కూడా మింగకు. ఇప్పుడు నా బిడ్డకి కట్టు కట్టిస్తా. రేపు ఈ బడికే తీసుకొస్తా. కుడిచెయ్యి లేవకపోతే ఎడమచేత్తో రాస్తది. కేసు పెట్టుకుంటే పెట్టుకోమను. చెయ్యి ఎట్టా విరిగిందో నేనూ ఆ కోర్టులోనే అడుగుతా."

డెల్ఫినా హాల్వర్సన్ వైపు తిరిగింది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది.

"నీకు జీతమిచ్చేది ఎవరో గుర్తుందా డెల్ఫినా?" అన్నాడు హాల్వర్సన్.

డెల్ఫినా అదే మాటని మొదటి నుంచి, ఇంకా గట్టిగా, తలుపవతల నిలబడ్డ పిల్లలకి కూడా వినిపించేలా చెప్పింది.

యూలాలియా కూతురి నడుము చుట్టూ చెయ్యి వేసి బయటికి నడిపించింది. గుమ్మానికి అడ్డంగా బ్రిగ్స్ నిలబడ్డాడు. చెయ్యి నడుముకున్న బేడీల మీద ఉంది.

"తప్పుకో," అంది.

అతను కదల్లేదు. ఆమె ఆగలేదు; కూతుర్ని పొదివి పట్టుకుని, నెత్తుటి కోటుతో అతనికేసే నడిచింది.