బాగుపడ్డ పిల్ల

ఆ రోజు మీటింగులో డెనీస్ నోటికి తాళం పడి ఉంటే ఎంత బాగుండేది!

బడులు గెంటేసిన పిల్లలకు మరోచోట చదువు కుదిర్చిపెట్టడం కౌన్సిల్ ఆఫీసులో ఆమె ఉద్యోగం. కొందరిని మోటారు షెడ్డుకు పంపేది, కొందరిని వంటశాలకు. షెల్బీని ఎక్కడికి పంపాలో మాత్రం తోచలేదు. పద్నాలుగేళ్ల పిల్ల. మాస్టారి మీదికి కుర్చీ విసిరింది. మిగతా బడులన్నీ మా వల్ల కాదు బాబోయ్ అని చేతులెత్తేశాయి. చివరికి ఊరవతల పెగ్ అనే పెద్దావిడ నడిపే గాడిదల శాలలో చోటు దొరికింది.

మొదట్లో షెల్బీ కౌన్సిల్ టాక్సీ దిగేదే కాదు. డ్రైవరు బతిమాలాడు, డెనీస్ బతిమాలింది.

"దాని మానాన దాన్ని వదిలేయమ్మా," అంది పెగ్. "నా గాడిదలూ మొదటిరోజు బండి దిగవు."

ఒకనాడు డాలీ అనే చూలు గాడిద కారు కిటికీలోంచి తల దూర్చి షెల్బీ చేతిలోని చిప్స్ ప్యాకెట్టు లాక్కుపోయింది. "ఒసే దొంగమొహమా!" అంటూ పిల్ల దాని వెంటపడింది. ఆ తర్వాత టాక్సీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

దాణా తూచడంలో లెక్కలొచ్చాయి. మందుసీసాల మీది రాతలు చదవడంలో చదువొచ్చింది. డెనీస్ చూడడానికి వెళ్తే టీ కూడా పెట్టి ఇచ్చేది.

"డాలీ ఈనేదాకా నన్నిక్కడే ఉంచుతారుగా, మిస్? అది నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానీదు."

"ఉంచకేం తల్లీ," అంది డెనీస్.

ఏ పిల్లను ఎక్కడ ఉంచాలో తేల్చే మీటింగు ఈస్టర్ సెలవుల ముందు జరిగింది. లోపలికి వెళ్తుంటే పక్క సీటు రోలండ్ చెవిలో చెప్పాడు. "బాగుందని చెప్పు గానీ, మరీ బాగుందనకు. ఏదో ఒక లోటు అట్టే పెట్టు."

ఆ ఆఫీసులో పాతకాపులందరికీ తెలిసిన కిటుకే అది, డెనీస్‌కూ తెలుసు. కానీ ఎన్నాళ్లకో చేతికందిన గెలుపు, మనసు ఆగలేదు. ఒక్కరోజూ మానలేదంది, ఎవరి మీదా నోరు పారేసుకోలేదంది, అసలు ఆ పిల్లేనా అనిపిస్తోందని కూడా అంది. పొగిడి పొగిడి కొంప ముంచింది.

"అయితే బాగుపడిందన్నమాట!" అంది అధ్యక్షురాలు సంబరంగా. "సెలవులయ్యాక బడికి పంపేద్దాం. పెగ్ దగ్గర చోటు కోసం ఎంతమంది కాచుక్కూచున్నారో!"

"అక్కడ గాడిద ఈనేదాకా అయినా..."

"గాడిద కోసమా?"

అందరూ నవ్వారు. డెనీస్ కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

కొత్త బడిలో షెల్బీ కుర్చీలేమీ విసరలేదు. అసలు వెళ్లడమే మానేసింది. డెనీస్ ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. తలుపుకున్న ఉత్తరాలు వేసే కంతలోంచే మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"డాలీ ఈనిందే అమ్మడూ. ఆడపిల్ల."

లోపల టీవీ ఆగింది.

"కష్టపడిందా?"

"పడింది. పెగ్‌ను తన్నింది కూడా."

"తన్నదూ మరి! నేను లేనుగా." గొంతు కంతకు దగ్గరగా వచ్చింది. "నేను బాగుండబట్టే పంపేశారు కదా, మిస్?"

డెనీస్ కంత దగ్గరికి వంగింది.

"ఇకమీదట ఎక్కడికి పంపినా బాగుండను. పొండి."

తర్వాతి మీటింగులో, పెగ్ దగ్గర షెల్బీ చోటులోకి వచ్చిన పిల్లవాడి సంగతి అడిగారు. వాడు ఈలలేసుకుంటూ గాడిదల గిట్టలు శుభ్రం చేయడం డెనీస్ ముందురోజే చూసి వచ్చింది.

"ఇంకా కుదుటపడలేదండీ," అంది. "మరికొన్నాళ్లు అక్కడే ఉంచాలి."

"సరే, ఉంచండి," అంది అధ్యక్షురాలు. ఎవరూ ఎదురడగలేదు.

అంత తేలికైన పని. ఆ ఒక్క మాట షెల్బీ కోసం అనాల్సింది.