పైడితల్లి చదివిన పాఠము

హేమంతకాలపు మంచుతెర యింకను విడివడక కడలిని గప్పియుండ బాలభానుని లేతకిరణములు తరంగశిఖరములపై నెఱ్ఱని పట్టుపోగులవలె నల్లుకొనుచుండ రేయెల్ల నడిసంద్రమున వలలు వైచి యలసిన జాలరుల తెప్పలు వరుసలు దీరి తీరమును జేరుచుండ నిసుకతిన్నెలపై నెండుచున్న మీనరాశుల గంధము క్షారమారుతముతో బెనగొని పల్లెయెల్ల వ్యాపించుచుండ కొత్తరేవను నా జాలరిపల్లెయందలి ప్రాథమిక పాఠశాలలో గంట ఖంగున మ్రోగెను.

ఆ నాదము విని యిసుకలో బరుగిడుచు వచ్చుచున్న పదేండ్ల బాలిక పేరు పైడితల్లి. తండ్రి తుపానులో సంద్రము పాలయిన నాటనుండి యామె మేనమామ దానయ్య యింట బెరుగుచుండెను. బుద్ధికిగాని ధారణకుగాని యామెకు గొఱత లేదు. మాట మాత్రము కంఠద్వారముకడ జిక్కువడి యెంత లాగినను రాని లంగరువలె నిలిచిపోవుచుండెను. గడచిన యేడు పరీక్షాధికారి సాంబమూర్తి పంతులు చదువుమని యాజ్ఞాపింప మొదటి యక్షరముననే యామె తడబడుట జూచి నవ్వి “నత్తిపిల్లకు బడి యేల?” యని పై తరగతికి బోనీయడాయెను. నేడా పంతులే మరల వచ్చుచున్నాడు. ఇల్లు వెడలునపుడు దానయ్య మేనకోడలిని నిలిపి యిట్లనియెను.

“ఇనుకోయే. ఈపాలి తప్పినావంటే నీ సదువు ఈడికి సాలు. రేపట్నించి సేపలెండబెట్టుకుందువు గాని.”

ఆమె బదులు పలుకలేదు. పలుకబూనినచో నా మాట తెమలునంతలో మామ రేవు జేరియుండును. కాని యామె కన్నులలో నున్నది భయము గాదు. ఏడాది పొడవున నారక రగిలిన రోషము.

ఆ రోషమున కొక దారి చూపినది యుపాధ్యాయిని మంగతాయారమ్మ. గతవత్సరపు పరాభవానంతరము నామె తరగతి నెల్ల గూర్చుండబెట్టి “పైడితల్లి మాటాడునపుడు నవ్వరాదు. మాట నందింపను రాదు. ఆమె ముగించువఱకు వేచియుందము. మనకు దొందర యేమున్నది?” యని కట్టడి చేసెను. తొలినాళ్లలో బిల్లలు పెదవులు గఱచుకొని నవ్వాపుకొనిరి. పిమ్మట నాపుకొనవలసిన నవ్వే లేకపోయెను. నూకరత్నమను తోడి బాలిక ప్రతిదినము పైడితల్లి ప్రక్కన గూర్చుండి యొకే గొంతుగా నామెతో గలిసి చదువుచు నానాటికి దన స్వరమును దగ్గించుచు దుదకు బెదవులు మాత్రము కదల్చునంతటి మౌనమునకు వచ్చెను. తాను దిగి నీటిలోనికి ద్రోసిన తెప్పవలె స్నేహితురాలిని ముందునకు సాగనిచ్చినది.

ప్రొద్దెక్కినంతట సాంబమూర్తి పంతులు బండి దిగి పాగా సవరించుకొని యాసనమలంకరించి పేర్లు పిలువ నారంభించెను. పైడితల్లి లేచినంతనే యాతడు కనుబొమలు ముడిచి “ఈ బాలికను నేనెఱుగుదును. కాలహరణ మేల? తరువాతివారిని రమ్మనుము” అనియెను.

మంగతాయారమ్మ యడ్డుపడి యిట్లనియెను. “అయ్యా! ఇది యామె వంతు. ఆమె చదివిన పిదపనే తక్కినవారు చదువుదురు.”

“నీ యుద్యోగము సంగతి మఱచితివా?”

“మఱవలేదు. ఇట్లు పలుకుటయే నా యుద్యోగము.”

పంతులు ముఖము జేవురించెను. ఆతడు తానే నూకరత్నమును బిలిచెను. ఆ పిల్ల లేచి నిలిచి పుస్తకమును మూసి చేతులు గట్టుకొని “ముందల పైడితల్లి సదవాల బాబూ. అదయినాక నాను” అనియెను. వెనుకనున్న పిల్లలందఱును దమ పుస్తకములు మూసిరి. ఆ చప్పుడు చిన్నదే గాని పంతులు చెవికి బిడుగువలె సోకెను. వేఱు గతి లేక యాతడు “కానిమ్ము” అని చేయి విసరెను.

పైడితల్లి పుస్తకము విప్పెను. నావికులను గూర్చిన పాఠమది. మొదటి వాక్యమును మెల్లమెల్లగ దాటెను. రెండవ వాక్యమున “ధ్రు” అను నక్షరము గొంతునకు బండవలె నడ్డుపడెను. ఒకటికి రెండుమాఱులు పెనగులాడెను. పంతులు సహింపక “ధ్రువనక్షత్రము! ఆ పైన చదువుము” అని యందించెను.

ఆమె తల యెత్తి యాతని కన్నులలోనికి సూటిగ జూచెను.

“ఆ మా… మా… మాట నాది బాబూ. నానే సెప్తాను.”

అని పాఠమును మొదటినుండి మరల బ్రారంభించెను. మరల నా యక్షరముకడనే నిలిచెను. పంతులు మరల నందించెను. ఆమె మరల మొదటికి బోయెను. ఈసారి యామె యా యక్షరముకడ నాగినపుడు పంతులు పెదవులు తెఱవబడి మాట వెలువడకయే మూతపడెను.

ఆ వేళకు వల లాగుటకు రమ్మని రేవునుండి కేకలు వినవచ్చెను. ద్వారముకడ దానయ్య యెపుడు వచ్చి నిలిచెనో యెవ్వరును జూడలేదు. ఆతడు వెనుకకు దిరిగి “ఉండండెహె! పిల్ల సదువుతున్నాది” అని గర్జించెను. కేకలు సద్దుమణిగెను.

“ధ్రు… ధ్రువ… ధ్రువనక్షత్రము!”

ఆ మాట తన నోట దాను విన్నపుడు పైడితల్లి మేను ఝల్లుమనెను. పిదప వాక్యములు కొన్ని యాగుచు గొన్ని పరుగిడుచు జివరిదాక నడచెను. పంతులు పాఠార్థమును బ్రశ్నింప నామె తడబడుచునే తప్పులేక తెలిపెను. ఆతడు “పై తరగతికి బోవచ్చును. ఇక గూర్చుండుము” అనియెను.

పైడితల్లి కూర్చుండలేదు. పుట త్రిప్పెను.

“ఇం… ఇంకో పాటం కూడా వచ్చు బాబూ.”

ఆజ్ఞ గోరని యా కంఠము నూతనపాఠపు మొదటి యక్షరముపై నిలిచి దానితో బెనగుచుండెను. కూర్చుండుమని యాజ్ఞాపించిన సాంబమూర్తి పంతులు చేతులు మోకాళ్లపై నుంచుకొని తరగతిలోని తక్కిన పిల్లలవలెనే తానును వేచి యుండెను.