చక్రం కింద రాయి

"ఏమే, లే. పొనాదీ వస్తున్నాడు. పొయ్యి రాజెయ్యి."

వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని యాక్సిల్‌ను సగం బయటికి లాగాను. బ్రోమో అగ్నికొండ కింది ఇసుకలో రోజూ టూరిస్టులను తిప్పే జీపు ఇది. ఇసుక దూరి లోపలి నూనె నల్లటి బురదైంది. నా మోచేతుల దాకా అదే. ఇప్పుడు నేను లేవాలి, చేతులు తుడుచుకోవాలి, లోపలికి పోవాలి. ఇలా కేకేసిన మా ఆయన తుమారీ వచ్చి నా చోట స్పానర్ పట్టుకుని నిలబడతాడు. ఆయన నడుము పోయినప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి ఇదే. ఈ కొండ మీది మా తెంగర్ వాళ్ళ ఊళ్ళలో వచ్చినవాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టకపోతే మొహాన తలుపు వేసినట్టే. ఆ పొయ్యి రాజేసేది ఆడదే కదా. "మగాడికి నడుమెలాగూ పోయింది, పరువు కూడా నువ్వు తీసెయ్యకు తల్లీ" అంది మా అత్త. తీయలేదు. "అన్న చెయ్యి పడితే బండికి ప్రాణమొస్తుంది వదినా" అని నేను పోసిన కాఫీ తాగుతూ డ్రైవర్లు నాకే చెప్పేవాళ్ళు. గోళ్ళలో నలుపు కనిపించకుండా గ్లాసు అందించడం నేర్చుకున్నాను.

మునుపొక రోజు కూడా ఇలాగే పిలిచాడు. వచ్చింది ఈ డ్రైవరు పొనాదీయే. అప్పటికే యాక్సిల్ తీసేశాను. ఈ పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాలను పట్టుకోదు, నడిమధ్య తిరిగే షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. యాక్సిల్ ఊడదీస్తే షాఫ్ట్‌కూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. ఇక బ్రేకు వేసినా, గేరులో పెట్టినా ఒకటే. మా వాకిలేమో ఏటవాలు. అందుకే ముందే చక్రం కింద రాయి పెట్టి, లోపలికి పోయాను. కాఫీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చేసరికి పొనాదీ నవ్వుతున్నాడు. "హ్యాండ్‌బ్రేక్ వేసుండగా మళ్ళీ రాయేంటన్నా? నీ రిపేరు మీద నీకే నమ్మకం లేదా?" తుమారీ కూడా నవ్వాడు. యాక్సిల్ ఉందో లేదో చూడనైనా చూడకుండా రాయిని కాలితో తన్నేశాడు. నా నోరు తెరుచుకునేలోపే జీపు కదిలింది. కింద మలుపులో బడి నుంచి వస్తోంది నా కూతురు వెనింగ్.

దాని కాలు మోకాలి దాకా తీసేశారు.

ఊరంతా చేరినప్పుడు తుమారీ నా వైపు వేలు చూపించాడు. "యాక్సిల్ తీసింది ఇదే. రాయి పెట్టడం మరిచిపోయి కాఫీ కాచుకుంటూ కూర్చుంది." నేను చేసిన పని నాదేనని ఆయన పదిమందిలో ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. పొనాదీ తల దించుకున్నాడు. రాయి పెట్టానని, ఆయనే తన్నేశాడని నేను అరిచి చెప్పాను. కడుపుకోతలో ఏదో అంటోందిలే అన్నారు. మా దగ్గర తల్లిని బిడ్డ పేరుతో పిలుస్తారు. "వెనింగ్ అమ్మా" అని ఎవరు పిలిచినా ఇప్పుడు ఆ పిలుపులో రాయి ఉంటుంది.

ఆస్పత్రి నుంచి వచ్చాక వెనింగ్ ఒక్కసారే అడిగింది. "రాయెందుకు మరిచిపోయావమ్మా?"

"పెట్టాను తల్లీ."

అది వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "పోనీలే అమ్మా" అంది వెనింగ్. నన్ను క్షమించేసింది. చెయ్యని తప్పుకు కన్నకూతురు పెట్టిన ఆ క్షమాభిక్షే తింటూ బతుకుతున్నాను.

మళ్ళీ పొనాదీ మా వాకిట్లో అడుగుపెట్టడం ఇవాళే.

"వినపడట్లా? లేవమంటుంటే!" అన్నాడు తుమారీ.

చలికి సరోంగ్ లుంగీని మెడ దాకా కప్పుకుని పొనాదీ ఎదురుగా నిలబడ్డాడు. "బాగున్నావా వదినా?" అన్నాడు, నా మొహం చూడకుండా. గుమ్మంలో కర్రల ఊతంతో వెనింగ్.

నేను లేవలేదు. యాక్సిల్‌ను పూర్తిగా బయటికి లాగి పొనాదీ కాళ్ళ ముందు పడుకోబెట్టాను. చక్రం కింది రాయిని ఇంకోసారి తోసి చూశాను. గట్టిగానే ఉంది.

"పొయ్యి రాజెయ్యలేదు తమ్ముడూ," అన్నాను. "ఆ రోజు రాయి తీసిందెవరో నా కూతురికి చెప్పు. చెప్పాక రాజేస్తాను."