ఇరవయ్యేడో నంబరు

కోడూరులో పోతయ్య ఇంటికి నెట్ రోజూ పాలతోపాటు వచ్చేది. గాలి కాస్త గట్టిగా వీచిందా, పాలవాడికన్నా ముందే వెళ్లిపోయేది.

అందుకని ఆయన కోడలు నాగమల్లేశ్వరి బందరు నుంచి కాంతారావుగారిని పిలిపించింది. కాంతారావుగారంటే ఆషామాషీ మనిషి కాదండీ. టెలిఫోను ఉద్యోగంలో ఉండగా తుఫానుకి స్తంభాలన్నీ పడిపోతే, తెగిన తీగ రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని, దివిసీమ మొత్తం మాట్లాడుకోవడం అయ్యేదాకా మూడు రోజులు నిలబడ్డారు. రాంగ్ నంబర్లు కూడా విసుక్కోకుండా కలిపారు.

ఆయన అరచేతిలో పట్టే కంప్యూటరొకటి టీవీ వెనక పెట్టి, అందులో డీఎన్ఎస్ సర్వరు ఎక్కించారు. "ఇంట్లో ప్రతిదానికీ ఓ నంబరుంటుందమ్మా. అవి మనకి గుర్తుండవు. పేరడిగితే నంబరు ఇది చెబుతుంది. బయట నెట్ చచ్చినా ఇంట్లోవి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. పేర్లు మాత్రం ఇంటివాళ్లే రాసుకోవాలి."

టీవీ, చేపల షెడ్డు కెమెరా, ఫోన్లు, అన్నీ రాసుకున్నారు. ఆయన పెట్టిన పెట్టెల తీరే అంత, రాసిన పేరుగలది ఆ ఇంటికి వచ్చి తీరుతుంది. పామర్రు బస్సులో పోయిన కళ్లజోడు పేరు పోతయ్య రాస్తే, సాయంత్రానికి గుమ్మంలో ఉంది. తుడిచి పెట్టుకున్నాడు.

నాగమల్లేశ్వరి మొగుడి పేరు మాత్రం రాయలేదు. అతను సముద్రం మీదికి వేటకెళ్లి ఉన్నాడు. వేటకెళ్లినవాడి పేరు, ఒడ్డెక్కేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. సముద్రం వింటుందని భయం.

మర్నాడే వాయుగుండం పట్టింది. మూడు రోజుల్లో పడవలన్నీ వచ్చేశాయి, అతనిది తప్ప. వెతకడానికెళ్లిన హెలికాప్టరు ఖాళీగా తిరిగొచ్చింది.

నాలుగో పొద్దున నాగమల్లేశ్వరి, పేరు ఎత్తకుండా, 'బావ' అని రాసి, ఖాళీగా ఉన్న ఇరవయ్యేడో నంబరిచ్చింది.

గంటలో వాకిలి నిండిపోయింది. మొవ్వ నుంచి ఒకాయన, గుడివాడ నుంచి ఇడ్లీ పొట్లంతో ఒకాయన, మొత్తం నలభైమంది బావలు మోకాల్లోతు నీళ్లలో నిలబడ్డారు.

"ఏం మరదలా, పిలిచావంట?"

"మీరు కాదండీ." అందరికీ టీ ఇచ్చి పంపింది.

కబురందుకున్న కాంతారావుగారు ఎదురుగాలిలో, చక్రాలు తడవకుండా, కాలువ మీదుగా స్కూటరేసుకొచ్చారు. "బావలు జిల్లా నిండా ఉన్నారమ్మా. పేరే రాయాలి."

"రాయకే," అంది మూలనుంచి అత్త ముత్యాలమ్మ. "వేటకెళ్లిన మా పెద్దోణ్ణి ఒక్కసారే పేరెట్టి పిలిచాను, గట్టు మీద నిలబడి."

"ఏమైందత్తా?"

"విన్నది."

నాగమల్లేశ్వరి టీవీ దగ్గరికి నడిచింది. "మూడు రోజులు పిలవకుండానే ఉన్నాం కదత్తా. ఏం మిగిలింది?"

పోతయ్య కొడుకు గోపి, అని రాసింది. ఇరవయ్యేడు.

సముద్రం విన్నది. తాడిచెట్టంత అల ఒక్కటి లేచి, కాలువలోంచి వంకర్లన్నీ తిరుగుతూ వచ్చి, పడవని వాకిట్లో బట్టలుతికే బండ పక్కన దించి వెళ్లిపోయింది. గోపి అందులో కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాల మీద ఉప్పు. ముత్యాలమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అలాగే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఊపిరి ఉంది.

నెల తిరిగాక గోపి మళ్లీ వేటకి బయల్దేరాడు. మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ పడవ దానంతటదే తిరిగి, సాయంత్రానికి బండ పక్కన ఆగింది.

"ఆ పేరు తీసెయ్యవే. నేను బతకాలా వద్దా?"

"ఎలా తియ్యాలో కాంతారావుగారు నేర్పలేదు," అంది నాగమల్లేశ్వరి, అన్నం వడ్డిస్తూ.

నేర్పారు. మొదటిరోజే, అన్నిటికన్నా ముందు అదే నేర్పారు.