దుప్పటక్క సముద్రానికి వెళ్లింది

కొండమీద రిసార్టులో ఆమెను అందరూ దుప్పటక్క అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప అది ఎవరికీ అక్కర్లేకపోయింది. మంచానికి ఒక పక్క నిలబడి ఆమె ఒక్క విసురు విసిరిందంటే చాలు, దుప్పటి గాల్లోకి లేచి, నాలుగు మూలలా సర్దుకుని, తనంతట తానే పడుకునేది. కొత్తగా పనిలో చేరినవాళ్లు నోరెళ్లబెట్టి చూసేవాళ్లు.

గదులు తుడిచేవాళ్లకు మనిషి ముఖంతో పని లేదు. గది చూసి మనిషిని చెప్పేస్తారు. కొత్త జంట దిగిన గదిలో పూలరేకులు ఏరలేక నడుం పడిపోతుంది. పిల్లలున్న గదిలో గోడల నిండా బిస్కెట్టు చేతులే. కుర్రకారు గుంపు దిగితే సీసాలన్నీ మంచం కింద నక్కి ఉంటాయి, చీపురు తగిలేదాకా కిక్కురుమనవు. ఇక ఒంటరిగా వచ్చిన ఆడమనిషి గది అంటే ఆ పూటకు అందరికీ అదే కబురు. "మొగుడితో పోట్లాడి వచ్చుంటుంది" అని ఒకావిడ. "ఎవరికోసమో కాచుకుని ఉందే" అని ఇంకొకావిడ. "తిన్నది అరక్క వచ్చుంటుందిలే, పదండి పదండి" అని దుప్పటక్క తీర్పు. ఈ టూరిస్టులంతా ఒకే జాతి అని ఆమె నమ్మకం. డబ్బెక్కువ, బుద్ధి తక్కువ, వాడిపడేసే తువ్వాళ్లకు అంతే లేదు.

అలాంటి దుప్పటక్కకే టూరిస్టు యోగం పట్టింది. జుట్టు నెరిసేదాకా చేసింది కదా, ఏదో ఒకటి చెయ్యాలని యజమానులకు తోచింది. వాళ్లకు సముద్రం ఒడ్డున ఇంకో రిసార్టు ఉంది. అక్కడ నాలుగు రోజులు గది, తిండి, అంతా ఉచితం, ఇద్దరికి. చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు, చేతిలో కవరు పెట్టారు.

ఇద్దరికంటే ఆ రెండో మనిషి ఎవరు? భర్త పోయి చాలా ఏళ్లయింది. కోడల్ని అడిగితే "నేనొస్తే పిల్లల్ని బడికి ఎవరు పంపుతారత్తయ్యా? మీరు హాయిగా వెళ్లిరండి" అంది. చెల్లెలికి మోకాళ్ల నొప్పులు. తోటివాళ్లకు సీజనులో సెలవు ఇవ్వరు. సరే, ఒక్కతే బయల్దేరింది. బస్సెక్కే ముందు మేనేజరు పిలిచి మరీ చెప్పాడు: "చూడు దుప్పటక్కా, అక్కడ నువ్వు గెస్టువి. చీపురు ముట్టుకున్నావో, మన పరువు గంగలో కలుస్తుంది. గదులు తుడుస్తానని ఎవరితోనూ అనకు."

"అనన్లెండి బాబూ" అంది ఆమె.

వెళ్లింది. గది బాగుంది. కిటికీ తీస్తే సముద్రం ఎదురుగా ఉంది, రోజంతా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. మనుషులే ఏమీ చెప్పడం లేదు. రిసెప్షన్లో ఉన్న అమ్మాయి "వెల్‌కమ్ మేడమ్" అంది. భోజనాల హాల్లో వెయిటరు "ఒక్కరేనా మేడమ్?" అని, ఎదుటి ప్లేటు చప్పుడు లేకుండా తీసుకుపోయాడు. మొదటి రోజు సరదాగానే గడిచింది. రెండో రోజుకు నోరు కట్టేసినట్టయింది. కొండమీద దుప్పట్ల ట్రాలీ చక్రాలూ ఆమె నోరూ ఒకేసారి తిరగడం మొదలుపెట్టేవి, ఒకేసారి ఆగేవి. ఇక్కడ రోజంతా కలిపి ఆమె పలికినవి "బాగుంది", "వద్దు", "చాలు", అంతే. సముద్రమూ వద్దు, మెత్తటి పరుపూ వద్దు, ఈ నాలుగు రోజుల్లో ఒక్క మనిషి పక్కన కూర్చుని మనసువిప్పి నాలుగు మాటలు మాట్లాడితే చాలనిపించింది.

ప్రయత్నం చెయ్యలేదని కాదు. టీ తెచ్చిన వెయిటర్ని పలకరించింది.

"మీది ఈ ఊరేనా బాబూ?"

"అవును మేడమ్. టీ వేడిగా ఉందా మేడమ్?"

"ఉంది. పిల్లలెంతమంది?"

వెయిటరు ట్రే దగ్గరకు లాక్కున్నాడు. "సర్వీసులో ఏమైనా లోపం జరిగిందా మేడమ్?"

"అయ్యో, లోపమేముంది! ఊరికే అడిగాను."

"థాంక్యూ మేడమ్" అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయాడు, పాముని చూసినట్టు.

తోటమాలితో "ఎండకు మొక్కలు వాడినట్టున్నాయి కదయ్యా" అంది, మాట కలుస్తుందేమోనని. మర్నాడు పొద్దున్నకి కుండీలన్నీ మారిపోయాయి. తోటమాలి మాత్రం కంటికి కనబడలేదు. గది సర్దడానికి వచ్చే ట్రాలీ ఆమె సంగతి అయితే చెప్పనక్కర్లేదు. ఆవిడకు నలభై దాటి ఉంటాయి, ముఖం కలుపుగోలుగానే ఉంది. కానీ వచ్చినంతసేపూ తల ఎత్తదు. "కాసేపు కూర్చో చెల్లీ" అంటే "పర్లేదు మేడమ్" అని గోడకు అంటుకుపోతుంది. దుప్పటక్కకేమో చేతులు ఊరుకోవు. దుప్పటి మూల కాస్త లాగి చూస్తుంది, కిటికీ చట్రం మీద వేలితో ఒక గీత గీస్తుంది, దువ్వెన పడిపోతే మంచం కిందకి పూర్తిగా వంగి అటూ ఇటూ చూస్తుంది. అలవాటు, ఏం చేస్తాం!

మూడో రోజు పొద్దున్న తలుపు తీసేసరికి ట్రాలీ ఆమె ఎర్రబడ్డ కళ్లతో నిలబడి ఉంది. లోపలికి వచ్చీ రాగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటా. ఆ దుప్పటి మీద ఇస్త్రీ మరక నేను చేసింది కాదు. లాండ్రీ నుంచే అలా వచ్చింది. పైవాళ్లకు చెప్పకండి మేడమ్."

"ఏ మరక? నేనెందుకు చెప్తాను? అసలు ఎవరికి చెప్తాను?"

"మాకు తెలుసు మేడమ్. బుకింగేమో హెడ్డాఫీసు నుంచి. బిల్లు లేదు. ఒక్కరే వచ్చారు. నీళ్లలోకి దిగరు, ఫొటోలు దిగరు. మంచం కింద తొంగిచూస్తారు, కిటికీ మీద వేలు పెడతారు, వెయిటర్ని పట్టుకుని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు. తనిఖీకి వచ్చినవాళ్లు ఎలా ఉంటారో మాకు తెలీదా?"

దుప్పటక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాగలేదు. నవ్వుతూనే మంచం మీద కూలబడింది.

"ఓసి పిచ్చిదానా! నేను తనిఖీ ఏంటే? నీలాగే గదులు తుడుచుకునేదాన్ని. కొండమీద."

"పోయినసారి వచ్చినాయన కూడా బట్టల వ్యాపారినన్నాడు మేడమ్. ఆయన వెళ్లిన వారానికి ఇద్దరి ఉద్యోగాలు పోయాయి."

మేనేజరు చెప్పిన మాట గుర్తొచ్చింది. పరువు పోతే పోనీ అనుకుంది. లేచి, మంచం మీది దుప్పటిని ఒక్క లాగు లాగింది. "ఆ కొస పట్టు" అంది. ట్రాలీ ఆమె కళ్లు తుడుచుకుని పట్టింది. ఇద్దరూ చెరో వైపు నుంచి నడిచి దగ్గరకొచ్చారు, అంచులు కలిపారు, మళ్లీ దూరం జరిగారు, మళ్లీ దగ్గరకొచ్చారు. ఈ పని చెయ్యనివాళ్లకు రెండో మడత దగ్గర చేతులు తికమక పడతాయి. దుప్పటక్క చేతులు తికమక పడలేదు. ఆ తర్వాత కొత్త దుప్పటి తీసుకుని, ఒక్కతే నిలబడి, ఒక్క విసురు విసిరింది. అది గాల్లో ఒక్క క్షణం నిలబడి, మంచం మీద నీళ్లలా పరుచుకుంది.

ట్రాలీ ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అక్కా! ఇలాంటి చెయ్యి పెట్టుకుని మూడ్రోజులుగా మాచేత మేడమ్ అనిపించుకుంటున్నావా? మా చేత టీ మోయించుకుంటావా, హన్నా!"

ఇంకేముంది, కట్ట తెగింది. మంచం అంచున ఇద్దరూ కూర్చున్నారు. పాదాల వాపులు, సూపర్వైజరు సణుగుడు, అన్నీ దొర్లాయి.

"మీ దగ్గర కూడా తువ్వాళ్లు ఎత్తుకుపోతారా అక్కా?"

"తువ్వాళ్లా! ఒకాయన స్నానాలగది గొళ్లెమే ఊడబీక్కుని పోయాడు. ఆ గొళ్లెం వాళ్లింట్లో ఏ తలుపుకు పెట్టుకున్నాడో ఏమో!"

"టూరిస్టులంటే అంతేలే. నిన్ను చూసి వంటింట్లో పందెం కాశాం తెలుసా? సగంమంది తనిఖీ అన్నారు, సగంమంది మొగుడితో గొడవ అన్నారు."

దుప్పటక్క నవ్వింది గానీ నవ్వు సగంలో ఆగింది. "ఊరికే సముద్రం చూడ్డానికి వచ్చిందని ఎవరూ కాయలేదా?"

"ఒక్కరే ఊరికే ఎవరొస్తారక్కా?" అంది ట్రాలీ ఆమె, నిజంగానే ఆశ్చర్యపోయి.

దుప్పటక్క మాట మార్చింది. వరండాలోంచి సూపర్వైజరు గొంతు వినబడింది. ట్రాలీ ఆమె గబగబా లేచి "రేపు సాయంత్రం డ్యూటీ దిగాక వస్తా. ఒడ్డున కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుందాం. ఒట్టు" అని పరుగెత్తింది. ఆ రాత్రి దుప్పటక్క కొండమీద విశేషాలన్నీ మనసులో వరసగా పేర్చుకుంది. ఏది ముందు చెప్పాలి, ఏది చెబితే ఆవిడ పడీపడీ నవ్వుతుంది అని.

తెల్లారేసరికి కబురు వంటింటి దాకా పాకింది. వెయిటరు దూరం నుంచే చెయ్యి ఊపాడు. ఈసారి ముఖంలో భయం లేదు, టీ కూడా లేదు. చాలాసేపటికి వచ్చి "అక్కా, ఆ మూల బల్లవాళ్లు తొందరపడుతున్నారు. నువ్వు మన మనిషివేగా, కాస్త సర్దుకో" అని చల్లారిన కప్పు పెట్టి పోయాడు. తోటమాలి కుండీల మధ్య నుంచి "ఎంత భయపెట్టావక్కా!" అని అరిచి, గొట్టం పట్టుకుని అటే వెళ్లిపోయాడు. గదికి తిరిగొస్తే గుమ్మం దగ్గర ఉతికిన దుప్పట్లు, తువ్వాళ్లు దొంతరగా పెట్టి ఉన్నాయి. వాటిమీద ట్రాలీ ఆమె గొంతు మెట్ల మీంచి వచ్చి పడింది: "నువ్వైతే క్షణంలో వేసేసుకుంటావు కదక్కా! నాకింకా ఒక అంతస్తుంది."

వేసుకుంది. వాళ్ల తప్పేం లేదు. చేతినిండా పని ఉన్నప్పుడు తనైనా అంతే చేసేది. మేడమ్‌గా ఉన్నప్పుడు భయపడి ఎవరూ నిలబడలేదు, అక్క అయ్యాక చనువుకొద్దీ నిలబడలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే కాబోలు అనుకుంటూ దుప్పటి మూలలు లోపలికి దోపింది.

సాయంత్రం ఒడ్డుకు వెళ్లి, ఇద్దరికి చోటుండేలా తువ్వాలు పరిచి కూర్చుంది. చుట్టూ టూరిస్టులు. ఎండ వాలేదాకా చూసింది. వాలాక కాసేపటికి ట్రాలీ ఆమె వచ్చింది, యూనిఫాంలోనే. పనివాళ్లు ఆ బట్టలతో ఇసుకలోకి దిగకూడదట, దారి అంచునే నిలబడి అరిచింది.

"అక్కా, రెండు బస్సుల జనం దిగారు! మమ్మల్నెవర్నీ కదలనివ్వడం లేదు. రేపు మాట్లాడుకుందాం!"

"రేపు పొద్దున్నే నా బస్సు!"

"ఏంటీ?"

"ఏం లేదు, వెళ్లు వెళ్లు, తిడతారు!"

ట్రాలీ ఆమె గుండెమీద చెయ్యి వేసుకుని ఏదో అంది. గాలికి వినబడలేదు. వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగి పరుగెత్తింది.

దుప్పటక్క తువ్వాలు మీద ఖాళీగా ఉన్న సగాన్ని చేత్తో సాపు చేస్తూ కూర్చుంది. అంతలో తడిసిన పిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చి ఆ సగంలో దబ్బున కూలబడింది. వెనకే తల్లి, చంకలో ఇంకో పిల్లాడితో, రొప్పుకుంటూ వచ్చింది.

"ఏమీ అనుకోకు పెద్దమ్మా, ఇది నా మాట వినదు. నువ్వెవరి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చావు?"

మూడు రోజులు మీరు మీరు అని విన్న చెవికి, ఆగి పలకరించిన ఆ నువ్వు ఎంత కమ్మగా ఉందో! నేనూ గెస్టునే అని చెప్పడానికి దుప్పటక్క నోరు తెరిచింది. చెబితే ఏమవుతుందో కూడా తెలిసిపోయింది. ఈ తల్లి కంగారుపడి, సారీ మేడమ్ అని, పిల్లల్ని లాక్కుని పోతుంది.

"ఉన్నార్లేమ్మా ఇద్దరు" అంది. "గదిలో పడుకున్నారు. కూర్చో, నీకూ కాళ్లు లాగుతున్నట్టున్నాయి."

ఆమె కూర్చుంది. కూర్చోవడమేంటి, కుప్పకూలింది. "సెలవులని పేరే గానీ పెద్దమ్మా, ఇంట్లో చేసే చాకిరీనే ఇసకలో చేస్తున్నా. ఆయనకు ఫోనుంది, వీళ్లకు సముద్రముంది. వచ్చిన దగ్గర్నుంచీ పెద్దవాళ్లెవరితోనైనా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు." దుప్పటక్క ఆ పిల్ల జుట్టు తుడుస్తూ వింది, మధ్యమధ్య తనూ చెప్పింది. గొళ్లెం కథ చెబితే తల్లి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. లేని పిల్లలిద్దరి సంగతీ అడిగితే అదీ చెప్పింది: పెద్దవాడు మొండి, చిన్నది చెయ్యి పట్టుకుంటే గానీ నిద్రపోదు.

"మీవాళ్లు నిన్ను బాగా చూసుకుంటారా?"

"గది ఇచ్చారు. వేళకు తిండి పెడతారు."

"గది నీ ఒక్కదానికేనా?"

"నా ఒక్కదానికే."

"అయితే మంచివాళ్లే" అంది తల్లి.

చీకటి పడుతుంటే మెట్ల దగ్గర నుంచి భర్త పిలిచాడు. ఆమె లేవలేక లేచింది. "రేపు కూడా ఇక్కడే ఉంటావుగా పెద్దమ్మా? ఇది నీకు అప్పుడే అలవాటైపోయింది."

"రేపు పొద్దున్నే మావాళ్లు బయల్దేరుతున్నారమ్మా."

"అయ్యో" అంది ఆమె, నిజంగానే.

వాళ్లు వెళ్లాక దుప్పటక్క తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. గదిలో పిల్లలు లేచి ఏడుస్తున్నారేమో అన్నట్టు ఒకసారి పైకి, తన కిటికీ వైపు చూసింది. చుట్టూ అన్ని కిటికీల్లో దీపాలున్నాయి. ఆ ఒక్కదాంట్లో లేదు. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది.