అట్టపెట్టెల పాఠం

మా బడికి అయిదు వందల కథల పుస్తకాలు, వాటికో గాజుతలుపుల బీరువా మంజూరై ఏడాదయింది. పిల్లలు పుస్తకాలను రోజూ చూస్తారు, గాజులోంచి. తాళంచెవి హెడ్మాస్టరుగారి జేబులో ఉంటుంది.

“ఒక్క పేజీ చిరిగినా పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది నేనమ్మా!” అంటారాయన. అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది.

నా మూడో తరగతిలో పిడుగు అని అందరూ పిలిచే పిల్ల ఉంది. బడిలో వండే వంటామె మనవరాలు. మూడో తరగతి చదవడం దానికిది రెండోసారి. “ఈసారీ చదవడం రాకపోతే బడి మాన్పించి గిన్నెలు తోమడానికి పెట్టుకుంటాను టీచరమ్మా” అని అమ్మమ్మ తేల్చి చెప్పేసింది. చూస్తే పాఠ్యపుస్తకాలు ముగ్గురికొకటి. ఒళ్లు మండి, ఆ కథల పుస్తకాలొచ్చిన అట్టపెట్టెలు కోసి గోడకు తగిలించాను. వాటి మీద ఏం అచ్చేసి ఉంటే అదే పాఠం.

ఒకరోజు తనిఖీ అధికారి వచ్చి పిడుగునే లేపారు. “ఏదీ, ఏదైనా చదువమ్మా.”

అది గోడవైపు తిరిగి గుక్క తిప్పుకోకుండా అందుకుంది. “ఈ వైపు పైకి ఉంచవలెను. తడవనీయరాదు. విసరరాదు. నాలుగుకు మించి పేర్చరాదు.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “ఇదేం పాఠమండీ?”

“మాకు అందిన పాఠం ఇదేనండీ” అన్నాను.

“బట్టీ పట్టినట్టుంది. బీరువాలోంచి ఒకటి తీయండి.”

హెడ్మాస్టరుగారు జేబులోంచి తాళంచెవి తీశారు గానీ, తాళం తుప్పు పట్టి కదల్లేదు. వంటామె నూనెసీసా తెచ్చి, తాళంలో రెండు చుక్కలు వేసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. తలుపు తెరుచుకోగానే ఒక పుస్తకం తీసి పిడుగు చేతికిచ్చాను.

పిడుగు పుస్తకం తెరిచి వేలు పెట్టింది. “కో...తి, రాజు...గారి చె...ప్పు ఎత్తుకుని పా...రిపోయింది.”

“చాలు, వచ్చింది” అన్నారు అధికారి. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

హెడ్మాస్టరుగారు గబుక్కున పుస్తకం పట్టుకున్నారు. పిడుగు వదిలితేనా!

“ఉండండి సార్! పెట్టె మీదైతే అక్కడితో అయిపోతుంది. దీనికి తర్వాత కూడా ఉంది!”

ఆయన లాగారు, ఇది లాగింది. చర్రుమని పేజీ చిరిగింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

వంటామె సీసా పక్కన పెట్టి గుమ్మంలోనే చతికిలబడి అంది,

“చిరిగితే చిరిగిందిలెండి సార్. ముందు ఆ కోతి సంగతి తేలనివ్వండి. నువ్వు చదవవే!”