తిరిగే నెట్టు

అయినా గాలిలోంచి వచ్చే ఇంటర్నెట్టుకి కూడా ఒక ఇల్లంటూ ఉండాలా ఏమిటి, రెంటికీ తీగ లేదు, రెండూ టవరు నుంచే వస్తాయట, ఒకటేమో మేడ మీద యాంటెన్నా బిగించుకుని కదలకుండా కూర్చుంటుంది, రెండోది వేలెడంత ముక్క, ల్యాప్‌టాప్‌కి తగిలించి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు, కోనేరు సెంటర్లో కొట్టు పెట్టుకున్న ఏడుకొండలు గారు రెంటినీ బల్ల మీద పెట్టి, చూడండి సయీదమ్మా, నిలకడగా రావాలంటే ఇది, తిరగాలంటే అది, అన్నారు, ఆ తిరగడమన్న మాటే కదా నిన్న అన్నాల దగ్గర కొంప ముంచింది, తిరిగే నెట్టు తెస్తానండీ అని నేను అనడమేమిటి, మా ఆయన్ని పెంచిన మేనత్త చేతిలో ముద్ద ఆపేసి, మన ఇంట్లో తిరిగేవి వద్దమ్మా, పరువుగా బతుకుతున్నాం, అంది, ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది, నెట్టుకి కూడా శీలం ఉంటుందా.

చిలకలపూడిలో చేసే రోల్డుగోల్డు నగల ఫోటోలు వ్యాపారులకి పంపి ఆర్డర్లు తేవడం నా పని, గొలుసు సన్నం చేయండి అని మెయిలు వచ్చేసరికి నేను ఇంట్లో ఉంటాను, నా కబురు అందేలోపు అక్కడ నగలు చేసే జీవరత్నం పూత కూడా వేసేసి ఉంటుంది, రెండుసార్లు సరుకు వెనక్కి వచ్చింది, ఈసారీ అలాగే అయితే మా ఇద్దరికీ పని ఉండదు, ఆమె పక్కనే కూర్చుని మెయిలు చూసుకుంటే ఈ పీడ వదులుతుంది, ముక్కకి స్పీడు తక్కువట, ఫోటో వెళ్లేలోపు టీ తాగొచ్చట, తాగుతాం, జీవరత్నం టీ బాగా పెడుతుంది.

నిన్న మా ఆయన మాబు కూడా కంచంలోకి చూస్తూ, కదలకుండా ఉండేదే మంచిదేమో సయీదా, అన్నాడు, ఆయనకీ అనుమానమేనా అని పొద్దున్నించీ కుమిలిపోతున్నాను, కృత్తివెన్నులో రొయ్యల చెరువుల మీద పనిచేస్తూ రోజూ మధ్యాహ్నం ఇంటికి ఫోను చేస్తాడు, తిన్నావా అంటాడు, తిన్నానంటే పెట్టేస్తాడు, ఓసారి నేను పక్కింట్లో ఉండగా మోగి మోగి ఆగిపోతే చెరువు వదిలేసి బస్సెక్కి వచ్చేశాడు, కాళ్లకి బురద అలాగే ఉంది, గుమ్మంలో నన్ను చూసి మంచినీళ్లివ్వు అన్నాడంతే, నేనేమో కాపలా కాస్తున్నాడనుకుని రెండు రోజులు మాట్లాడలేదు, ఎంత మొద్దుని, ఉప్పెనలో అమ్మనీ నాన్ననీ పోగొట్టుకున్న మనిషి, నీళ్లు తీశాక కోడూరులో వాళ్ల గుమ్మం ముందు నిలబడి పిలిస్తే పలికేవాళ్లు లేకపోయారని పెళ్లైన కొత్తలో తనే చెప్పాడు, అది అనుమానం కాదు, భయం, పిలిస్తే పలకరేమోనని, పాపం, ఆ భయానికి మేడ మీద యాంటెన్నా ఏం చేస్తుంది, ఆ ముక్కే ఇవ్వండి ఏడుకొండలు గారూ, అలాగే నాకో సెల్లు కూడా చూపించండి, చిలకలపూడిలో ఉన్నా, బస్సులో ఉన్నా, తిన్నానని చెప్తాను, ఆయన ఇన్నేళ్లూ ఫోను చేస్తున్నది ఇంటికి కాదు, నాకు.